బాపు డబ్బా కొత్తకోటల పెట్టిండు

మా చెల్లె అంటె నాకు కుళ్లు. ఎవలన్న అడిగితే ఇదివరకు కాదనేదాన్ని, ఇప్పుడు కాదనే ఓపిక గూడ లేదు. డబ్బాలు దాచుడు నాకు మంచిగ వస్తది గని కుళ్లు దాచుడే రాదు. అది పుట్టిన్నాడు అమ్మ చంకలకెల్లి నన్ను దింపి దాన్ని ఎత్తుకున్నరట, గప్పటి సంది ఉన్నది మా పంచాది. గాజులకు కొట్లాడినం, కిటికి పక్క సీటుకు కొట్లాడినం, అవన్ని పోయినయ్. గని బాపును నా దగ్గరికెల్లి గుంజుకున్నది చూడు, గది మాత్రం పోతలేదు.

చెయ్యి పట్టి గుంజుకుంటె నేను గూడ ఇంకో చెయ్యి పట్టి గుంజుదును. అట్ల గాలే. ఒక డబ్బా తోని తెలిసింది నాకు.

నల్లగొండల నాది జిరాక్స్ దుకాణం. తెలంగాణ వచ్చిన కొత్తల పెట్టిన. ఒకనాడు హైదరాబాద్ నుంచి ఒక పిల్ల, పిలగాడు బండి మీద వచ్చి, సన్నటి కాయితం పట్టీలు కత్తిరించియ్యమన్నరు, వాటిని పెట్టెతందుకు చిన్న ప్లాస్టిక్ సంచి గూడ కావాలన్నరు. "ఏందమ్మా ఇవి, తాయెత్తులా?" అన్న. ఆ పిల్ల పడిపడి నవ్వింది. జియోకాషింగ్ అట. ఒకరు ఏడనో ఒక డబ్బా దాచిపెడ్తరు. అది ఉన్న జాగా నంబర్లు ఫోన్ల పెడ్తరు. లోకంల ఎవలన్న సరే ఫోన్ పట్టుకొని ఎతుక్కుంట పోయి, దొరికితే అందుల కాయితం మీద సంతకం జేసి, మళ్ల అట్లనే ఆడనే పెట్టాలె. "దొరికితే ఏమొస్తది?" అన్న. "ఏం రాదక్కా" అన్నడు పిలగాడు. ఎవల పిచ్చి వాళ్లకానందం అనుకున్న. ఆ ఆదివారమే స్కూటీ ఏస్కొని పానగల్ దిక్కు పోయి, బండల సందుల చెయ్యి పెట్టి వాళ్ల డబ్బా తీసిన. ఇగ చూస్కో, ఆ పిచ్చి నాకే పట్టింది.

డబ్బాల ఆట అంటం మేము. పిల్లల ఆట అనుకోకుండ్రి, దీనికి మర్యాదలున్నయ్. మా దుకాణానికి ఈ ఆట గురించి అడిగెతందుకు ఎవలొచ్చినా ముందు అవే చెప్త. మొదటిది, తవ్వొద్దు. డబ్బా ఎన్నడు భూమిల ఉండది, సందులనో తొర్రలనో ఉంటది. మన దిక్కు పాత గుళ్లు ఎక్కువ. గుడి పక్కపొంటి ఫోన్ చూసుకుంట రాళ్లు లేపితే, గుప్తనిధుల దొంగలొచ్చిన్రని ఊరంత ఉరుకొస్తది. నన్నే ఒకపారి పత్తి ఏరెటోళ్లు సుట్టు ముట్టిన్రు. "ఏం తవ్వుతున్నవే?" అని కొడవలి పట్టుకొని నిలబడ్డది ఒకామె. డబ్బా మూత తీసి సూపెట్టిన. ఒక పెన్ను, రెండు గాజులు, పోరగాళ్లు ఆడుకునే గోటీ ఒకటి, కాయితం సుట్ట. ఆమె అందుల చూసింది, నా మొఖం చూసింది. "గీ గోటీ కోసం ఇంత ఎండల వచ్చినవా? ఇంట్ల పని లేదా బిడ్డా?" అన్నది. సిగ్గుతోని సచ్చిపోయిన. అప్పటికెల్లి ఏ చెల్కల అడుగు పెట్టినా ముందు ఆసామి దగ్గరికి పోయి, సంగతి చెప్పి, సరే అన్నంకనే ఎతుకుత. గుడి లోపల మాత్రం ఎవలేం చెప్పినా పెట్టొద్దు. ఆలంపూర్ పోయినోళ్లు జోగులాంబను మొక్కి రావాలె, డబ్బాల కోసం స్తంభాలు తడుముకుంట తిరుగొద్దు.

నేను పెట్టిన మొదటి డబ్బా గురించి చెప్తె నవ్వుతరు. బండ సందుల డబ్బా పెట్టి, గాలికి పోకుంట మీద ఒక రాయి, దాని మీద ఇంకో రాయి, ఇంకోటి చిన్నది, అట్ల ముద్దుగ పేర్చిన. కొన్ని దినాలకు పోయి చూస్తె రాళ్లకు పసుపు, కుంకుమ, ముందట కొబ్బరికాయ చిప్పలు, అగరొత్తుల పుల్లలు! ఎవలో మేకల కాపరి మొక్కిండట, తప్పిపోయిన మేక దొరికిందట, ఇగ ఆగుతరా? ఎతికెతందుకు వచ్చినోళ్లకు ఆ రాళ్లు ముట్టెతందుకు భయం. నేను పెట్టిన రాళ్లు నాకే ముట్టెతందుకు భయం. ఆఖరికి కొబ్బరికాయ కొట్టి, తప్పైతే కాయి తల్లీ అని దండం పెట్టి, డబ్బా తీసుకొని ఇంకో గుట్టకు పోయిన. రాళ్లు ఆడనే ఉన్నయ్, మొక్కులు గూడ నడుస్తనే ఉన్నయ్. రాయి మీద రాయి పేర్చొద్దని అందుకే చెప్త నేను.

ఇంకా చానా ఉన్నయ్. డబ్బాలకెల్లి ఏమన్న తీసుకుంటె అంత విలువైంది ఇంకోటి పెట్టాలె. తిను పదార్థాలు పెట్టొద్దు, చీమలు పడ్తయ్. దొరకలేదని ఎవలన్న రాస్తె, డబ్బా యజమాని పోయి ఉన్నదో లేదో చూసి జవాబియ్యాలె. పక్కోళ్ల డబ్బా పగిలినా, తడిసినా, వాళ్లను అడుగకుంట మనం చెయ్యి పెట్టొద్దు. అన్నిటికంటె పెద్ద మర్యాద ఏందంటె, చుట్టం చూపుకు వచ్చిన ఊర్ల డబ్బా పెట్టొద్దు. ఎవలైతే ఆ ఊర్ల ఉంటరో, వానొస్తె పోయి చూసుకుంటరో, వాళ్లే పెట్టాలె. డబ్బా ఏ ఊర్ల ఉంటె యజమాని ఇల్లు ఆ ఊర్ల ఉన్నట్టు.

ఈ మాట ఎందరికి చెప్పినో లెక్క లేదు. అదే మాట నా గుండెల గుచ్చుకుంటదని అనుకున్ననా?

బాపు బోరు మోటర్ల మెకానిక్. ఎండకాలం వస్తె రైతులు ఇంటి ముందట నిలబడెటోళ్లు. అమ్మ పోయినంక ఆ కిరాయి ఇంట్ల ఒక్కడు ఉండలేకపోయిండు. మాకు అన్నదమ్ములు లేరు. ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు పంచి, బాపును నా దగ్గరికి తెచ్చుకున్న. పెద్దదాన్ని, హక్కు నాది. కొన్ని నెలలు నా దగ్గర ఉండాలె, నడుమ నడుమ కొత్తకోటల చెల్లె దగ్గరికి పోయి రావాలె, అట్ల అనుకున్నం.

నేను బాపును ఎట్ల చూసుకున్ననో మా వాడకట్టు మొత్తానికి తెలుసు. స్నానానికి నీళ్లు తోడి పెట్టేదాన్ని. అంగీ ఇస్త్రీ చేసి పెట్టేదాన్ని. కూసున్న కాడికే పళ్లెం. ఫ్యాను సప్పుడు చేస్తాందని లేచి స్క్రూడ్రైవర్ అడుగుతె, "నీకెందుకు బాపూ ఈ కష్టం" అని కరెంటు పని చేసేటాయనను పిలిపించిన. "నీ అసుంటి బిడ్డ ఉండాలె" అని పక్కింటామె అంటుండె. బాపు దానికి ఏం అనకపోతుండె.

ఇగ చెల్లె ఉన్నది చూడు. దానిది కొత్తకోటల హైవే పక్క టిఫిన్ సెంటరు, దాని ఎనుకనే ఇల్లు. బాపు పోయిన తెల్లారే పనిల పెడ్తది. నేను ఫోన్ చేస్తె గ్రైండర్ సప్పుడుల బాపు "ఆగు బిడ్డా, పల్లీలు మాడుతయ్" అంటడు. డెబ్బై దాటిన మనిషితోని పల్లీలు ఏయించుడేందని చెల్లెను తిట్టిన. "నేను చెప్తలేనక్కా, ఆయననే చేస్తాండు" అన్నది. "ఆయన చేస్తె నువ్వు చేయనిస్తవా? సిగ్గు లేదా నీకు?" అన్న. అది సిగ్గు పడే రకం గాదు. చిన్నప్పుడు నా జడ రిబ్బను పెట్టుకొని నా ముందటనే తిరిగేది.

నా దగ్గర ఉన్నప్పుడు బాపు టీవీ ముందట కునుకు తీస్తుండె. పాపం పొద్దు పోతలేదని డబ్బాల ఆటకు తోల్కపోయిన. ఏమన్న సంబురపడ్డడా! మొదటి డబ్బా దొరికినప్పుడు చిన్న పోరగాని లెక్క చప్పట్లు కొట్టిండు. సంతకం ఎంత పెద్దగ చేసిండంటె పక్క గడిలకు గూడ పోయింది. కొన్నాళ్లకు తనే ఒకటి పెడ్త అన్నడు. డబ్బా తెచ్చి, మూతకు సైకిల్ ట్యూబు కోసి రింగు ఏసి, నీళ్లల్ల ముంచి చూసి, రంగేసి, మీద "ఇది ఆట డబ్బా, భయపడకుండ్రి" అని తెలుగుల రాసిండు. పానగల్ అవతల ఒక గుట్ట మీద, ఆసామిని అడిగి, పెట్టిండు. తన ఫోన్ల తన పేరు మీదనే. నాకు ఎంత గర్వం! బాపు డబ్బా నా ఊర్ల ఉన్నది. అంటె బాపు ఇల్లు నా ఇల్లే. చెల్లెకు ఫోన్ చేసి మరీ చెప్పిన.

దాన్ని కంటికి రెప్ప లెక్క చూసుకున్న. కాయితం తడిసిందని ఎవలో రాస్తె, బాపు చాయ తాగక ముందే స్కూటీ మీద పోయి కొత్తది పెట్టొచ్చిన. చీమలు పట్టినయంటె పోయి కడిగి ఆరబెట్టిన. మూత వదులైందంటె నేనే కొత్త డబ్బా కొని మార్చిన. ఆ పొద్దు బాపు చెప్పులేసుకొని, కట్టె పట్టుకొని, సంచిల ట్యూబు ముక్క పెట్టుకొని దర్వాజ కాడ నిలబడ్డడు. "అయిపోయింది బాపూ, నేను పోయొచ్చిన. నువ్వు కూసో, ఎండగున్నది" అన్న. చెప్పులు విడిసి, వచ్చి టీవీ ముందట కూసున్నడు. అన్నం పెట్టిన, తిన్నడు.

తర్వాత చెల్లెకు నడుం పట్టిందని, నాలుగొద్దులు పోయొస్తనని కొత్తకోట పోయిండు. నాలుగొద్దులు అయిపాయె, పండుగ పోయె, వానలు గూడ పడవట్టె. ఫోన్ చేస్తె "వస్త బిడ్డా, వస్త" అంటడు. ఎనుకకెల్లి చెల్లె "బాపూ, నీళ్లు పొంగుతున్నయ్, మోటర్ బందు పెట్టు" అని ఒర్లుతది. మా బాపును పేరు పెట్టి పిలిసినట్టే ఉంటది నాకు.

ఒకనాడు దుకాణంల ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్న, ఫోన్ మోగింది. పానగల్ డబ్బా బందు అని వచ్చింది. యజమానే బందు పెట్టిండు. దొంగలు ఎత్తుకపోయిన్రేమో, బాపు ఎంత బాధ పడుతుండో అని నా బాధ. కొన్నాళ్లకు, మళ్ల ఎవలదో కార్డు మిషన్ల పెట్టి ఉన్నప్పుడే, ఇంకోటి వచ్చింది. కొత్త డబ్బా. కొత్తకోట దగ్గర గుట్ట. యజమాని బాపు.

జిరాక్స్ మిషను నడుస్తనే ఉన్నది, ఒక్క కార్డుకు కాయితాలు కుప్ప పడ్డయ్. ఏ ఊర్ల ఉంటె ఆ ఊర్లనే డబ్బా పెట్టాలె. నేను నేర్పిన ముచ్చటనే నాకు అప్పజెప్పిండు బాపు. నోటితోని చెప్పలేక గిట్ల చెప్పిండు.

ఇంకా విను. ఆ డబ్బా మొదలు దొరికిందెవలికంటె మా చెల్లెకట! ఆట అంటె ఏందో తెల్వనిదానికి! యజమాని చెయ్యి పట్టి సూపెడితే దొరికింది దొరికినట్టా? ఏ మర్యాదల ఉన్నది ఇది? చెల్లెకు ఫోన్ చేసి, "ఏం మందు పెట్టినవే బాపుకు?" అన్న. "పొద్దుగాల పొద్దుగాల ఏందక్కా, ఇడ్లీలకు జనమున్నరు" అని పెట్టేసింది. జనమున్నరట! నాకేమో కడుపుల మంట దబదబ లేస్తాంది, దానికి ఇడ్లీలు.

దుకాణానికి తాళమేసి బస్సెక్కిన. దేవరకొండ, కల్వకుర్తి మీదికెల్లి మారుకుంట పోయిన. దారి పొడుగుత నా నోట్ల మాటలు తయారైతనే ఉన్నయ్, ఏది ముందు అనాలె, ఏది ఎనుక అనాలె అని. కొత్తకోటల దిగి చెల్లె ఇంటికి పోలే. సీదా గుట్టకు పోయిన. ఆ డబ్బాల ఏదన్న తప్పు పట్టాలె అని నా పట్టుదల. నీళ్లు జొచ్చి ఉండాలె, మూత పోయి ఉండాలె, చీమలన్న ఉండాలె. అప్పుడు బాపుకు సూపెట్టి, "చూసినవా, నేను లేకుంటె గిట్లుంటది" అని తోల్కపోవాలె.

కింద చెల్క ఆసామికి చెప్పి ఎక్కిన. సందుల చెయ్యి పెడితే దొరికింది. కొత్త రంగు. లోపల చుక్క తడి లేదు. కాయితం మంచిగున్నది, పెన్సిల్ చెక్కి ఉన్నది, మూతకు కొత్త ట్యూబు రింగు ఏసి ఉన్నది. ఒక్క తప్పు దొరకలే. అది చూసి ఇంకా ఏడుపొచ్చింది నాకు.

సంతకం చేస్తుంటె కిందికెల్లి కట్టె సప్పుడు. బాపు ఎక్కొస్తుండు. ఎవలో ఆడామె వచ్చిందని ఆసామి ఫోన్ చేసి చెప్పిండట. అంగీకి ఇస్త్రీ లేదు, చేతికి మినప్పిండి అంటి ఉన్నది. నన్ను చూసి, "నువ్వా బిడ్డా! ఫోన్ చేస్తె బస్టాండుకు రాకపోదునా" అన్నడు.

తయారు చేసుకున్న మాటలు ఒక్కటి రాలే. "పా బాపూ, ఇంటికి పోదాం" అన్న.

"ఏ ఇంటికి?"

"ఏ ఇంటికేంది? మనింటికి."

బండ మీద కూసున్నడు. ఊపిరి తీసుకున్నడు. "నువ్వు నాకేం తక్కువ చేయలే బిడ్డా. ఉన్న మాట చెప్పాలె గద. మంచం మీదికే అన్నం తెచ్చినవ్. చుట్టాలకు గూడ ఎవలు చేయరు గంత మర్యాద. గని చుట్టం ఎన్ని దినాలుంటడు?"

"చుట్టమా? నువ్వు చుట్టానివా? ఎవలన్నరు ఆ మాట?"

"ఎవలనలే. నా డబ్బా తడిస్తె నాకంటె ముందు నువ్వే పోతివి. మూత వదులైతె డబ్బానే మారిస్తివి. ఇగ నేనేం చేయాలె ఆడ?"

"ఎండల ఎక్కలేవని గద బాపూ..."

"ఎక్కిన గద ఇప్పుడు."

బాపు డబ్బా చేతిలకు తీసుకొని రింగు ఒత్తి చూసుకుంట చెప్పవట్టిండు. "ఇక్కడ నీ చెల్లె నన్ను కూసోనియ్యది. మోటర్ ఏయకుంటె ఒర్లుతది. గ్యాసు సిలిండర్ మార్చలేదని ఒర్లుతది. చట్నీల ఉప్పెక్కువైతె నన్నే తిడుతది. అచ్చం మీ అమ్మే." అని నవ్విండు. బొంకకుంట చెప్తున్న, ఆ నవ్వు నా ఇంట్ల ఒక్కనాడు నవ్వలే బాపు. ఆ నవ్వు చూసి నాకు చెల్లె మీద ఇంతకు ముందటి కంటె ఎక్కువ మండింది.

"తిట్టాల్నా నిన్ను? నేను గూడ తిడ్త, పా!" అన్న.

"తిడుతనే ఉన్నవ్ గద" అన్నడు.

ఇద్దరం దిగినం. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాపిన. చాపి, మళ్ల తీసుకున్న. బాపు కట్టె ఆనిచ్చుకుంట నాకంటె ముందే దిగిండు.

చెల్లె పెనం కాడ ఉన్నది. "అక్కా! వచ్చినవా?" అని అట్లకాడ పట్టుకొనే నవ్వింది. వచ్చి ఒక గిలాసెడు మంచినీళ్లు ఇద్దామన్న ఆలోచన లేదు. "బాపూ, అక్కకు నీళ్లియ్యి" అని ఆర్డరేసింది. నేను నోరు తెరిసి తిట్టేలోపు బాపు నీళ్లు తెచ్చిచ్చిండు, గిన్నెలు ఏడున్నయో, ఏ బిందెల నీళ్లు సల్లగుంటయో అన్ని ఎరుకే ఆయనకు. దోశ తెచ్చి పెట్టిండు. కారం పొడి ఇంకింత ఏసిండు, నాకు ఇష్టమని. నేను తింటుంటె ఎదురుంగ పీట ఏసుకొని కూసున్నడు. దుకాణం ఎట్ల నడుస్తాందని అడిగిండు. మిషను బాగు చేయించినవా అని అడిగిండు. నా దగ్గర ఉన్నన్ని దినాలు ఇవన్ని అడిగిండా అంటె, నాకు యాదికి రాలే.

కొట్లాడుదామని వచ్చినదాన్ని దోశ తిని చెయ్యి కడుక్కున్న. ఆఖరి బస్సు దొరకదేమోనని సంచి భుజాన ఏసుకున్న. బాపు వచ్చి దర్వాజకు అడ్డం నిలబడ్డడు.

"గిప్పుడెక్కడికే? వచ్చినదానివి రెండొద్దులుండి పో బిడ్డా."

అమ్మ పోయినంక, ఆ కిరాయి ఇల్లు ఖాళీ చేసినంక, ఈ మాట నన్ను ఎవలు అనలే. పెండ్లైన ఆడివిల్లను ఈ మాట అనేది తల్లిగారింటోళ్లే. నా ఇంట్ల బాపు ఎట్లంటడు? చుట్టం లెక్క వచ్చిన మనిషి ఎవలను ఉండమంటడు? ఇక్కడ దర్వాజ పట్టుకొని, తన ఇల్లే అన్నట్టు నిలబడి అన్నడు. నాకు మళ్ల తల్లిగారిల్లు వచ్చింది. వచ్చింది వచ్చి మా చెల్లె ఇల్లే కావాల్నా? దాని మీద ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. దానికి ఎంత దక్కిందో అది గూడ తెల్వది, దోశలు తిప్పుకుంట నిలబడ్డది.

బాపు నా భుజం మీది సంచి తీసుకొని లోపటికి పోయిండు. నేను గూడ ఆయన ఎనుక పోయిన.